కొనుక్కున్నవాళ్లనే వెక్కిరించిన బొమ్మలు: 19వ శతాబ్దపు ఫ్రెంచ్ లిథో వ్యంగ్యచిత్రాల సంగతి

"బెర్త్రాన్, నాకు పరిశ్రమలంటే ప్రాణం. నువ్వు సరేనంటే ఒక బ్యాంకు పెడదాం, అసలు సిసలు బ్యాంకు!" అంటూ మొదలుపెడతాడు రోబెర్ మకేర్ అనే మోసగాడు. మూలధనం చెప్పమంటే కోట్ల మీద కోట్లు పేర్చుకుంటూ పోతాడు. బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్‌నే ముంచేద్దాం అంటాడు. పక్కనున్న శిష్యుడికి మాత్రం ఒకటే భయం: "సరే గానీ, పోలీసులో?" మకేర్ జవాబు: "ఎంత వెర్రివాడివిరా! కోటీశ్వరుణ్ని ఎవరైనా అరెస్టు చేస్తారా?"

1836 ఆగస్టులో పారిస్ దినపత్రిక 'ల షారివారి'లో అచ్చయిన బొమ్మ కింది మాటలివి. గీసింది ఒనోరే దోమియే. ఈరోజు ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పడేసినా అర్థం కాక ఆగిపోయేవాళ్లు ఉండరు. విచిత్రం ఏమిటంటే, అంతకు నాలుగున్నరేళ్ల ముందు ఇదే దోమియే రాజు బొమ్మ గీసి ఆరు నెలల జైలు శిక్ష తెచ్చుకున్నాడు. ఈ బ్యాంకు బొమ్మ మాత్రం ప్రభుత్వ అనుమతితోనే బయటికొచ్చింది.

దోమియే, ఆయన తోటివాళ్లు గీసిన ఇలాంటి బొమ్మలు ఇప్పుడు నెట్‌లో విడివిడిగా తిరుగుతుంటాయి. ఒకరు వాటిని విప్లవ కళ అంటారు. ఇంకొకరు ఆడవాళ్ల మీద వేసిన పాతకాలపు జోకులు అంటారు. మరొకరు నకలు కొని లాయరు ఆఫీసు గోడకి తగిలిస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే తికమక. అది విడాలంటే బొమ్మ ఎలా తయారైంది, ఎవరు కొన్నారు, ఏది గీయడానికి వీల్లేకపోయింది అనే మూడు సంగతులూ తెలియాలి.

రాయి మీద కొవ్వు గీత

లిథోగ్రఫీ అంటే రాతి అచ్చు. 1790ల చివర్లో బవేరియాలో ఆలోయిస్ జెనెఫెల్డర్ అనే నాటక రచయిత దీన్ని కనిపెట్టాడు. తన నాటకాలను చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ ఈ పద్ధతి మీద పడ్డాడు. ఆధారమంతా ఒక చిన్న విషయం: నూనెకి నీళ్లు పడవు.

బవేరియాలోని జోల్న్‌హోఫెన్ గనుల్లో దొరికే మెత్తని సున్నపురాయి పలకను ఇసుకతో రుద్ది సన్నని గరుకు తెస్తారు. దాని మీద కొవ్వు, మైనం, సబ్బు, మసి కలిపి చేసిన క్రేయానుతో బొమ్మ గీస్తారు. తర్వాత తుమ్మబంక నీళ్లలో కాస్త నత్రికామ్లం కలిపి పూస్తారు. దాంతో గీత ఉన్నచోట కొవ్వు రాతికి పట్టుకుంటుంది, గీత లేనిచోట రాయి తడిని పట్టుకుంటుంది. ఇప్పుడు తడిగుడ్డతో తుడిచి, జిడ్డు సిరా పూసిన రోలరు దొర్లిస్తే సిరా గీతలకే అంటుకుంటుంది, తడి ఉన్నచోట నిలవదు. పైన కాగితం వేసి ప్రెస్సులో లాగితే బొమ్మ దిగుతుంది. అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది కాబట్టి గీసేవాడు కుడిఎడమలు ముందే ఆలోచించుకోవాలి.

ఇందులో చిత్రకారుడికి కలిసొచ్చింది ఏమిటంటే, మధ్యలో ఇంకొకరి చెయ్యి పడదు. రాగిరేకు మీద చెక్కాలంటే అదొక ప్రత్యేక విద్య, రోజుల తరబడి పని. కర్రదిమ్మ మీదైతే గీసేది ఒకరు, చెక్కేది ఇంకొకరు. రాతి మీద మాత్రం కాగితం మీద గీసినట్టే గీసుకోవచ్చు. పొద్దున జరిగిన సంగతి మీద సాయంత్రానికి బొమ్మ సిద్ధం చేయొచ్చు. అచ్చు పూర్తయ్యాక రాయిని మళ్లీ రుద్ది ఇంకో బొమ్మకి వాడుకోవచ్చు. రోజుకో కొత్త బొమ్మ ఇస్తామని చెప్పుకునే పత్రిక నడవగలిగిందంటే ఈ వేగం, ఈ చవక వల్లే. దోమియే జీవితకాలంలో దాదాపు 4,000 లిథోలు గీశాడు. రాగిరేకు మీద అది ఊహకి కూడా అందని లెక్క.

మనకు ఈ సాంకేతికత మరీ కొత్తదేమీ కాదు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ నుంచి వచ్చి తెలుగు ఇళ్ల గోడలెక్కిన లక్ష్మీ సరస్వతుల పటాలు దీని రంగుల రూపమే. అక్కడ దేవతలు, ఇక్కడ పొట్టలు, బట్టతలలు.

బొమ్మలో ఉన్నది ఎవరు?

బొమ్మలో కనిపించేవాడిని 'బూర్జువా' అంటారు. తెలుగులో ఈ మాట ఎర్రజెండా ప్రసంగాల ద్వారా వచ్చింది కాబట్టి మనకు వెంటనే మిల్లు యజమాని గుర్తొస్తాడు. 1830ల పారిస్‌లో దాని పరిధి వెడల్పు. పెద్ద బ్యాంకరూ బూర్జువాయే, వీధి చివర దుకాణం నడుపుతూ పై అంతస్తులు అద్దెకిచ్చుకునేవాడూ బూర్జువాయే. నోటరీ, డాక్టరు, వకీలు, పింఛను మీద బతికే మాజీ గుమాస్తా, అందరూ అందులోకే వస్తారు. మనం మధ్యతరగతి అన్నప్పుడు తలచుకునే నెలజీతం కుటుంబంతో ఇది పూర్తిగా సరిపోలదు.

1830 జులైలో జరిగిన తిరుగుబాటుతో పాత బూర్బన్ రాజు పోయి లూయీ ఫిలిప్ గద్దెనెక్కాడు. గొడుగు చేతబట్టుకుని వీధుల్లో నడిచే 'పౌర రాజు'గా పేరు తెచ్చుకున్నాడు. వీధుల్లో పోరాడింది ఎక్కువగా కూలీలు, చేతిపనివాళ్లు. ఓటు మాత్రం వాళ్లకు రాలేదు. ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టే మగవాళ్లకే ఓటు. మూడు కోట్లకు పైగా జనాభాలో 1831లో ఓటర్లు సుమారు 1,66,000 మంది. అంటే చిన్న దుకాణదారుల్లో చాలామంది కూడా ఓటు లేని బూర్జువాలే. ప్రభుత్వం తమదే అనిపిస్తుంది, అందులో తమ మాట చెల్లదు. ఈ బొమ్మల్లో తరచూ కనిపించే ఉబ్బిన ఛాతీ, దాని వెనకే బిత్తరచూపు ఈ పరిస్థితిలోంచే వచ్చాయి.

ఇక కొన్నది ఎవరు? ల షారివారి ఏడాది చందా 60 ఫ్రాంకులు. పారిస్ కార్మికుడి రోజుకూలి మూడు నాలుగు ఫ్రాంకులు. పదిహేను ఇరవై రోజుల కూలి పోసి పత్రిక తెప్పించుకునే కార్మికుడు ఉండడు. చందాదారులు సుమారు మూడు వేల మంది. కేఫుల్లో, చదువుగదుల్లో ఒక్కో ప్రతి పదిమంది చేతులు మారేది, అది వేరే సంగతి. డబ్బు కట్టినవాళ్లు మాత్రం దాదాపు అందరూ బొమ్మలో ఉన్న తరగతివాళ్లే. తర్వాత వచ్చే వాదాలన్నీ ఈ ఒక్క చోట ముడిపడి ఉన్నాయి.

డబ్బు లేనివాళ్లకు ఇంకో దారి ఉండేది. పత్రిక యజమాని షార్ల్ ఫిలిపోన్, ఆయన బావ ఓబేర్ కలిసి గాలరీ వేరో-దోదాలో బొమ్మల కొట్టు నడిపారు. అద్దాల వెనక రోజూ కొత్త బొమ్మలు వేలాడేవి. జనం గుంపులుగా నిలబడి ఉచితంగా చూసేవాళ్లు. ప్రభుత్వానికి టెన్షన్ పెట్టింది చందాదారులు కాదు, ఈ అద్దం ముందు గుంపు.

బేరిపండు కేసు

ఫిలిపోన్ 1830లో 'ల కారికతూర్' అనే వారపత్రిక, 1832 డిసెంబరులో 'ల షారివారి' అనే దినపత్రిక పెట్టాడు. లూయీ ఫిలిప్‌ది కింద వెడల్పు, పైన సన్నంగా ఉండే ముఖం, బుగ్గలు జారి ఉండేవి. రాజును అవమానించాడనే కేసులో 1831 నవంబరులో ఫిలిపోన్ కోర్టుకెక్కాడు. అక్కడ ఆయన చేసిన వాదన ఇప్పటికీ లా కాలేజీల్లో చెప్పుకోదగ్గది. నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖంలాగే ఉంది. రెండోది కాస్త కరిగింది. మూడోది ఇంకాస్త. నాలుగోది అచ్చంగా బేరిపండు. పోలిక ఉన్నంత మాత్రాన నేరమైతే మొదటిదానితో మొదలుపెట్టి నాలుగోదాన్ని కూడా శిక్షించాలి, ఫ్రాన్సులో ఉన్న బేరిపండ్లన్నిటినీ జైల్లో పెట్టాలి అన్నాడు. కేసు ఓడిపోయాడు. బొమ్మ మాత్రం గెలిచింది. గోడల మీద పిల్లలు కూడా బేరిపండ్లు గీయడం మొదలుపెట్టారు.

దోమియేకి శిక్ష పడిన బొమ్మ ఇంకా ఘాటు. 1831 డిసెంబరు నాటి ఆ బొమ్మలో రాజు మలపీఠం లాంటి సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. పేదలు బుట్టల్లో తెచ్చిన డబ్బు ఒక నిచ్చెనబల్ల మీదుగా ఆయన నోట్లోకి పోతుంటుంది. కింద నుంచి బిరుదులు, ఉత్తర్వులు పడుతుంటాయి.

1834 ఏప్రిల్‌లో రూ ట్రాన్స్‌నోనెన్ అనే వీధిలో సైనికులు ఒక ఇంట్లోకి చొరబడి అందులోవాళ్లను చంపేశారు. దోమియే గీసిన బొమ్మలో నవ్వేమీ లేదు. మంచం పక్కన రాత్రి చొక్కాతో వెల్లకిలా పడి ఉన్న మగవాడు, ఆయన కింద నలిగిన పసిబిడ్డ. పత్రికల జరిమానాలు కట్టడానికి ఫిలిపోన్ నడిపిన నెలవారీ చందా పథకం కోసం గీసిన బొమ్మ ఇది. పోలీసులు రాయినీ, దొరికిన ప్రతులనూ పట్టుకుపోయారు.

1835 జులై 28న ఫియెస్కి అనే వ్యక్తి 25 గొట్టాల తుపాకీ యంత్రంతో రాజు మీద దాడి చేశాడు. రాజు బతికాడు, పద్దెనిమిది మంది చనిపోయారు. సెప్టెంబరు 9 నాటికి కొత్త పత్రికా చట్టాలు వచ్చేశాయి. ఇక బొమ్మ ఏదైనా సరే, అచ్చుకు ముందే అనుమతి తప్పనిసరి.

ఇక్కడొక చట్టపరమైన చిక్కు ఉంది. 1830 రాజ్యాంగ పత్రం ఏడో అధికరణం ప్రకారం ఫ్రెంచి పౌరులకు తమ అభిప్రాయాలు ప్రచురించుకునే హక్కు ఉంది, సెన్సార్‌షిప్ ఇక ఎప్పటికీ తిరిగి రాకూడదు. మరి బొమ్మలకు సెన్సార్ ఎలా? ప్రభుత్వం చెప్పిన జవాబు: రాసినది అభిప్రాయం, అది బుద్ధితో మాట్లాడుతుంది. బొమ్మ కళ్లతో మాట్లాడుతుంది, కాబట్టి అది అభిప్రాయం కాదు, చర్య. వినడానికి తర్కంలాగే ఉంటుంది. అసలు భయం మాత్రం సూటిది: చదువు రానివాడు కూడా బొమ్మ చదవగలడు. అందుకే అక్షరానికి ఉన్న వెసులుబాటు గీతకు దక్కలేదు.

రాజును వదిలి ఇంట్లోకి

ల కారికతూర్ మూతపడింది. ల షారివారి బతకాలంటే రోజూ బొమ్మ కావాలి, అందులో రాజూ మంత్రులూ ఉండకూడదు. ఫిలిపోన్ చిత్రకారులను పార్లమెంటు నుంచి పడకగదికి, కోర్టుకు, ఈత కొలనుకు, అద్దె ఇంటి మెట్ల మీదికి మళ్లించాడు. సాంఘిక వ్యంగ్యచిత్రం అంతకు ముందూ ఉంది. గ్రాన్‌విల్ మనుషులకు జంతువుల తలలు తగిలించాడు, ఆన్రీ మొన్నియే ప్రూదొమ్ అనే గంభీర మొద్దు పెద్దమనిషిని సృష్టించాడు. అయితే అది పత్రికకు రోజువారీ తిండి అయింది మాత్రం 1835 తర్వాతే.

మకేర్ ఆ మలుపు మీద నిలబడ్డ పాత్ర. 1823 నాటి ఒక నాటకంలో మామూలు దొంగ. ఫ్రెదెరిక్ ల్మేత్ర్ అనే నటుడు ఆ విలన్‌ను నవ్వించే మోసగాడిగా మార్చేశాడు. దోమియే దాన్ని తీసుకుని 1836 నుంచి 1838 వరకు వంద బొమ్మల శ్రేణి నడిపాడు. ఒకదాంట్లో మకేర్ బ్యాంకరు, ఇంకోదాంట్లో డాక్టరు, మరోదాంట్లో వకీలు, తర్వాత పెళ్లిళ్ల పేరయ్య, పత్రికాధిపతి, వాటాలు అమ్మేవాడు. వేషం ఏదైనా పని ఒకటే. వాటాల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచి పడుతున్న రోజులవి. రాజు పేరెత్తకుండానే రాజ్యం నడిచే తీరును బొమ్మ పట్టుకుంది.

ఆ తర్వాత శ్రేణులు వరసగా వచ్చాయి. కాపురాలు, ఈత కొట్టేవాళ్లు, న్యాయస్థానం మనుషులు, బడిపంతుళ్లు, అద్దెవాళ్లూ ఇంటి యజమానులూ, 1846లో మొదలైన 'మంచి బూర్జువాలు'. ఇవి కాక ఇదే పత్రికకు గీసిన గవార్ని ఉన్నాడు. దోమియే బొమ్మల్లో ఒళ్లు బరువుగా కూలబడితే గవార్ని బొమ్మల్లో నడుములు సన్నంగా ఉంటాయి, బట్టలు అందంగా జారతాయి. ఫ్యాషన్ పత్రికలకు గీసిన చెయ్యి అది. అతిథుల ముందు ఇంటిగుట్టు రట్టు చేసే పిల్లల మీద ఒక శ్రేణి, నోత్ర్-దామ్-ద-లొరెత్ చర్చి చుట్టుపక్కల కొత్త ఇళ్లలో ప్రియుల డబ్బుతో బతికే యువతుల మీద ఇంకో శ్రేణి ఆయనకు పేరు తెచ్చాయి.

కింద రాసింది ఎవరి మాట?

నెట్‌లో బొమ్మ చూసి 'దోమియే ఇలా అన్నాడు' అని రాసేవాళ్లు తరచూ జారేది ఇక్కడే. దోమియే లిథోల కింద కనిపించే మాటల్లో చాలావరకు ఆయనవి కావు. మకేర్ శ్రేణికి ఫిలిపోన్ రాశాడు. తర్వాతి శ్రేణులకు పత్రిక ఆఫీసులో వేరేవాళ్లు రాశారు. దోమియే బొమ్మ గీసి రాయి పంపించేవాడు, జోకు అక్కడ అతికేది. గవార్ని పద్ధతి వేరు, తన మాటలు తనే రాసుకునేవాడు.

కవి బోద్లేర్ 1857లో ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుల మీద రాసిన వ్యాసంలో ఈ తేడానే పట్టుకున్నాడు. దోమియే బొమ్మ కింద మాటలు తీసేసినా బొమ్మ నిలబడుతుంది, గవార్ని బొమ్మకు ఆ మాటలు కావాలి అన్నాడు. ఆ వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది: బూర్జువాను దోమియే అంతగా తెలుసుకున్నవాడు, కళాకారుడి పద్ధతిలో ప్రేమించినవాడు లేడట. ఈ 'ప్రేమించడం' దగ్గరే తర్వాతి పండితులు రెండుగా చీలిపోయారు.

మూడు బొమ్మలు, కాస్త దగ్గరగా

మొదటిది 'న్యాయస్థానం మనుషులు' శ్రేణిలోది. నల్లగౌను వకీలు కేసు ఓడిపోయిన ఆడమనిషితో అంటాడు: "కేసు ఓడిపోయారు, నిజమే. కానీ నా వాదన వింటుంటే మీకు ఎంత ఆనందంగా ఉండి ఉంటుందో!" దోమియే కుర్రతనంలో కోర్టు అమీనా దగ్గర పరుగుల కుర్రాడిగా పనిచేశాడు. ఈ గౌన్ల వెనక మనుషుల్ని దగ్గర్నుంచి చూశాడు. ఇక్కడ వెక్కిరింత ఒక మనిషి మీద కాదు, వృత్తి తనను తాను చూసి మురిసిపోయే తీరు మీద. ఆ వృత్తిలోవాళ్లే ఈ శ్రేణి నకళ్లను ఛాంబర్లలో తగిలించుకుంటారు. వాళ్లు చూస్తున్నది పక్క వకీలుని కాబోలు.

రెండోది 'కాపురాలు' శ్రేణిలో 1839 నాటిది. చేతిలో ప్యాంటు పట్టుకుని భర్త రంకెలు వేస్తుంటాడు. ఆడవాళ్లు ప్యాంట్లు కుట్టకుండా చేస్తున్న మీ మదామ్ సాండ్‌ను నేను లెక్కచేయను; విడాకులైనా తిరిగి తేవాలి, లేకపోతే ఆ రచయిత్రినైనా ఎత్తేయాలి అని ఆయన గోల. సాండ్ అంటే నవలా రచయిత్రి జోర్జ్ సాండ్. ఆ విడాకుల మాట దగ్గర ఆగాలి. ఫ్రాన్సులో 1816లో విడాకులు రద్దయ్యాయి, మళ్లీ 1884లో గానీ రాలేదు. 1839 పాఠకుడికి విడాకులు అనేది చట్టంలో లేని తలుపు. ఆ తలుపును ఊడిన కుట్టు కోసం అడుగుతున్నాడీయన. ఎవరు వెర్రివాడు? ప్యాంటు పట్టుకున్న భర్త అనుకోవచ్చు. నవలలు చదువుతూ ఇంటిపని వదిలేసిన భార్య అనుకోవచ్చు. బొమ్మ రెండు వైపులా కోస్తుంది.

మూడోది అలా రెండు వైపులా కోయదు. 1844లో రచయిత్రుల మీద వచ్చిన నలభై బొమ్మల శ్రేణిలో ఒకదాంట్లో భార్య బల్ల దగ్గర వంగి ఆవేశంగా రాసుకుంటుంటుంది. వెనక స్నానపు తొట్టెలో బిడ్డ తలకిందులుగా, కాళ్లు పైకి. కింద మాట: "తల్లి రచన మంటల్లో, బిడ్డ తొట్టె నీళ్లలో!" గీత అద్భుతం. ఒక్క చూపులో రెండు సంగతులూ, వాటి మధ్య దూరమూ తెలిసిపోతాయి. జోకు మాత్రం ఒకటే: ఆడది రాస్తే ఇల్లు మునుగుతుంది.

తిరుగుబాటా, కాలక్షేపమా?

ఒక వాదన ఇలా సాగుతుంది. రాజకీయ బొమ్మ నిషేధమయ్యాక వ్యంగ్యం ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లింది గానీ చావలేదు. మకేర్‌ను వెక్కిరించడం అంటే డబ్బే అర్హతగా ఓటిచ్చిన వ్యవస్థను వెక్కిరించడమే. మెనెలాస్ బొమ్మ చూడండి అంటారు. 1841-43 మధ్య వచ్చిన 'ప్రాచీన చరిత్ర' శ్రేణిలో ట్రాయ్ యుద్ధం గెలిచిన మెనెలాస్ బొజ్జతో ఠీవిగా నడుస్తుంటాడు, పక్కనే ఆయన భార్య, లావుపాటి హెలెన్ ముక్కుకు బొటనవేలు ఆనించి వెక్కిరిస్తుంటుంది. బళ్లలో, అకాడమీల్లో పూజలందుకునే గ్రీకు వీరుడు పారిస్‌లోని రూ సాన్-దెని వీధి దుకాణదారుడిలా ఉన్నాడు. అధికారం తన చుట్టూ కట్టుకున్న గంభీరత కూలిపోవడం కూడా రాజకీయమే అని వీళ్ల మాట.

రెండో వాదన లెక్కల పుస్తకం తెరుస్తుంది. ఓబేర్ కొట్టు వ్యాపార సంస్థ. పత్రికలో వచ్చిన బొమ్మనే మంచి కాగితం మీద విడిగా అచ్చేసి, కావాలంటే చేత్తో రంగులద్దించి, శ్రేణి పూర్తయ్యాక ఆల్బంగా కట్టి అమ్మేది. కొన్నవాడు హాల్లో పెట్టుకుని అతిథులతో నవ్వుకునేవాడు. ప్రతివాడికీ బొమ్మలో పొరుగువాడే కనిపిస్తాడు. తరగతి తన లోపాలను చూసి నవ్వుకుంటే అది తన అధికారాన్ని ప్రశ్నించినట్టు కాదు, ఇంకాస్త హాయిగా సర్దుకున్నట్టు. పైగా సెన్సార్ ఒప్పుకున్న నవ్వు ఎంత ప్రమాదకరం కాగలదు?

మూడో చూపు ఆడవాళ్ల చరిత్ర రాసినవాళ్లది. దోమియే పేదల పక్షం, రాజు లేని పాలన కోరే రిపబ్లికన్ అన్నది నిజమే. అయినా ఆయన రిపబ్లిక్‌లో స్త్రీకి చోటు ఎక్కడ అని వీళ్లు అడుగుతారు.

వాదాలను పక్కపక్కన పెట్టి వదిలేయనక్కర్లేదు. చరిత్రే ఒక పరీక్ష పెట్టింది. 1848 ఫిబ్రవరిలో లూయీ ఫిలిప్ పారిపోయాడు. సెన్సార్ పోయింది. మగవాళ్లందరికీ ఓటు వచ్చి ఓటర్ల సంఖ్య తొంభై లక్షలు దాటింది. ఇంటి బొమ్మలు కేవలం రాజకీయానికి ముసుగే అయితే ముసుగు తీసే రోజు వచ్చినట్టే. సగం అలాగే జరిగింది. దోమియే వెంటనే పార్లమెంటు సభ్యుల మీద పడ్డాడు. 1850 నాటికి అప్పటి అధ్యక్షుడు లూయీ నెపోలియన్ మనుషుల మీద రతాపొయిల్ అనే పాత్రను సృష్టించాడు: దుడ్డుకర్ర, చిరిగిన కోటు, మెలితిప్పిన మీసం, డబ్బుకు నినాదాలిచ్చే రౌడీ. అంటే రాజకీయం లోపల కాచుకునే ఉంది.

మిగతా సగం కథ వేరు. 1848 వసంతంలో ఒజెనీ నిబ్వయే పారిస్‌లో ఆడవాళ్ల గొంతు వినిపించే పత్రిక పెట్టింది. విడాకుల చట్టం తిరిగి తేవాలనే ప్రతిపాదన వచ్చింది. 1849లో జాన్ దెర్వాన్ ఆడవాళ్లకు ఓటు హక్కే లేని దేశంలో చట్టసభకు పోటీ చేస్తానంటూ నిలబడింది. దోమియే ఏం గీశాడు? 1848లో విడాకులు కోరే ఆడవాళ్ల మీద ఒక శ్రేణి, 1849లో సోషలిస్టు ఆడవాళ్ల మీద ఇంకొకటి. సెన్సార్ ఒత్తిడి లేని రోజుల్లో, స్వేచ్ఛగా. నా లెక్కలో ఇది తేల్చేస్తుంది. మకేర్ ముసుగు కావచ్చు. తొట్టెలో బిడ్డ మాత్రం ముసుగు కాదు, పత్రికా దాని పాఠకులూ నిజంగా నమ్మిన మాట. ఆ మాట దోమియే చేతిరాత కాకపోయినా గీత ఆయనదే.

1852లో బొమ్మల సెన్సార్ మళ్లీ వచ్చింది, 1881 పత్రికా స్వేచ్ఛ చట్టం దాకా ఏదో రూపంలో ఉంటూనే వచ్చింది. దోమియే మళ్లీ వీధుల్లోకి, మెట్ల మీదికి వెళ్లాడు. ఈసారి పారిస్ నగరమే కూలుతోంది, కొత్త రోడ్ల కోసం పాత ఇళ్లు పడగొడుతున్నారు. 1853 నాటి ఒక బొమ్మలో సగం కూల్చిన ఇంటి ముందు భార్యాభర్తలు నిలబడి పైకి చూస్తుంటారు. "అదిగో మన శోభనం గది, అదెలాయిద్! ఈ మేస్త్రీలకు దేని మీదా గౌరవం లేదు, జ్ఞాపకాల విలువ తెలియదు!" అని భర్త వాపోతాడు. దీన్ని చూసి ఎవరిని వెక్కిరిస్తున్నారో చెప్పడం నాకైతే కష్టం. బోద్లేర్ అన్న ప్రేమ ఇలాంటిదేనేమో.

ఒకే బొమ్మ, రెండు రకాల కాగితం

పాత బొమ్మల దుకాణాల్లో, వేలాల్లో 'అసలు దోమియే' అన్న మాటకు రెండర్థాలున్నాయి. పత్రికలో వచ్చిన ప్రతి అయితే పలచని కాగితం, వెనకవైపు ఆరోజు వార్తలు, ప్రకటనలు అచ్చయి ఉంటాయి. ఆ అక్షరాల నీడ ముందువైపుకు తేలుతుంది కూడా. విడిగా అమ్మకానికి తీసిన ప్రతి అయితే మందపాటి తెల్ల కాగితం, వెనక ఖాళీ. రెండూ ఆ కాలపు అచ్చులే, తరచూ ఒకే రాతి మీద నుంచి దిగినవే. సేకర్తలు తెల్లకాగితానికే ఎక్కువ పోస్తారు. చదువరికి మాత్రం వార్తాకాగితం ప్రతే ఎక్కువ చెబుతుంది. అనుమతి తెచ్చుకున్న బొమ్మ వెనకే ఆరోజు పారిస్ దేనికి భయపడిందో, ఏం అమ్ముకుందో ఉంటుంది.

ల షారివారి సంపుటాలను ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం తన 'గాలికా' వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. తేదీ పట్టుకుని వెళితే బొమ్మ ఒంటరిగా కాక, ఆనాటి పేజీ మధ్యలోనే కనిపిస్తుంది.